రక్తం ఆగింది కదా, మాత్రలు ఆపేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అల్లూరు దగ్గర పల్లె. మా ఆయనకు 34 ఏళ్లు, రొయ్యల గుంటల దగ్గర పని. నిరుడు విరేచనంలో రక్తం, జిగట పడుతుంటే మొలలనుకుని నాటు మందు వాడాం. తగ్గలేదు. నెల్లూరులో కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగులో పుండ్లు అన్నారు. మెసలమైన్ మాత్రలతో నెమ్మదించగానే మానేశారు. ఇప్పుడు మళ్లీ మొదలైంది. పాత చీటీ చూపించి ప్రెడ్నిసొలోన్ తెచ్చుకుని నెల రోజులుగా మింగుతున్నారు. చేపల పులుసు వల్లేనని మా అత్తమ్మ అంటోంది. ఇది పూర్తిగా పోదా?
– ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు ఆ ప్రెడ్నిసొలోన్ సంగతి చూద్దామమ్మా. అది స్టెరాయిడ్. జబ్బు ఎగదన్నినప్పుడు అణచడానికే తప్ప ఏళ్ల తరబడి వాడేది కాదు, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అలాగని ఇది చదివి టక్కున ఆపించకండి, నెల రోజులు వాడాక ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది కాబట్టి డాక్టరే మోతాదు మెల్లగా దించాలి.

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి సొంత పేగు మీదే తిరగబడటం ఈ జబ్బు. పుండ్లు మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతాయి. రక్తం ఆగినా లోపల వాపు మిగిలే ఉండొచ్చు, అది మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూసే పరీక్షతో తెలుస్తుంది. మందులతో పూర్తిగా పోదు గానీ, బీపీ మాత్రల్లా మెసలమైన్ రోజూ వేసుకుంటే చాలామంది ఏళ్ల తరబడి మామూలుగా పని చేసుకుంటారు. పుండ్లు కింది భాగంలోనే ఉంటే మలద్వారంలో పెట్టుకునే మెసలమైన్ మందు, నోటితో మింగే మాత్రలకన్నా బాగా పనిచేస్తుంది, మన మగాళ్లు సిగ్గుపడి దాన్ని కొననే కొనరు! వీటికి లొంగకపోతే రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులు ఉన్నాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు ముందు టీబీ లేదని తేల్చుకోవాలి, మన దేశంలో అది తప్పనిసరి.

చేపల పులుసు ఈ జబ్బు తేదు, అత్తమ్మకు చెప్పండి. బాధ ఉన్నన్నాళ్లు కారం తగ్గించి వండండి, చాలు. నాకు అనుమానం నడుం నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ మీద. గుంటల దగ్గర పనిచేసేవాళ్లు తరచూ వాడతారు, అది జబ్బును రేపగలదు. నొప్పికి పారాసెటమాల్ మేలు.

పాత బయాప్సీ (పేగు ముక్క తీసి చేసిన పరీక్ష) రిపోర్టు తీసుకుని ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి. మల పరీక్ష కూడా చేయిస్తారు, ఒక్కోసారి అమీబా లాంటి ఇన్‌ఫెక్షన్ తోడై ఇలాగే కనిపిస్తుంది. రోజుకు ఆరుసార్లు, అంతకుమించి రక్త విరేచనాలై, జ్వరం, గుండె దడ, కడుపు ఉబ్బరం ఉంటే మాత్రం వారం ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రిలో చేర్చండి. విరేచనాలు కట్టే మాత్ర మాత్రం ఇంట్లో వేయకండి.