జాంజిబార్ స్టాంపు మీద మన అణాలు

ప్రశ్న: తిరుపతిలో పాత సామాన్ల కొట్లో ఒక స్టాంపుల ఆల్బమ్ చూశాను. అందులో విక్టోరియా రాణి బొమ్మ ఉన్న మన ఇండియా అర అణా స్టాంపు మీద నల్లగా ఇంగ్లిష్‌లో ‘జాంజిబార్’ అని కొట్టి ఉంది. ఆఫ్రికా స్టాంపుకు అణాలేంటి, దొంగదా? ఇంకోటి, మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో దక్షిణాఫ్రికాలోని నటాల్ నుంచి చిత్తూరు దగ్గర పల్లెకు వచ్చిన కవరు ఉంది. దాని స్టాంపు నానబెట్టి తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు రెండోదే చెప్తాను, అది చదవగానే నాకు టెన్షన్ వచ్చింది. ఆ కవరును నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి. సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది, చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలతో. 1911లో ఈ కూలీల వలస ఆగిపోయేదాకా దాదాపు లక్షన్నర మంది మన దేశం నుంచి నటాల్ వెళ్లారు, వాళ్లలో మన వైపు నుంచి, అంటే అప్పటి ఉత్తర ఆర్కాటు నుంచి మద్రాసు వెళ్లి ఓడెక్కినవాళ్లు చాలామంది. చిత్తూరు జిల్లా ఏర్పడిందీ 1911లోనే, కాబట్టి అడ్రసులో ఏ జిల్లా పేరు రాశారో చూడండి. స్టాంపు మీద ముద్ర ఏ ఊరిదో, తేదీ ఎంతో చూడండి, వెనక్కి తిప్పితే ఇక్కడి పోస్టాఫీసు ముద్ర కూడా ఉండొచ్చు. స్టాంపు ఊడదీస్తే ఇవన్నీ పోతాయి, ఆ మనిషి ఏ ఊళ్లో ఉండి ఉత్తరం రాశాడో మీ ఇంట్లో ఇక ఎవరికీ తెలియదు.

ఇక అణాల సంగతి. అప్పట్లో తూర్పు ఆఫ్రికా తీరంలో మన రూపాయే చెల్లేది. జాంజిబార్‌లో మన తపాలా శాఖే పోస్టాఫీసు నడిపింది, 1895లో మన స్టాంపుల మీదే ఆ పేరు అచ్చేసి అమ్మారు. 1903లో ఎడ్వర్డ్ రాజు బొమ్మతో తూర్పు ఆఫ్రికా, ఉగాండాలకు కలిపి వేసిన స్టాంపుల్లోనూ అణాలు, రూపాయలే. పక్కనే జర్మన్లు కూడా వాళ్ల కాలనీలో రూపాయే వాడారు, దానికి 64 పెసాలు. నటాల్ మాత్రం పౌన్లు, పెన్నీల లెక్క, అందుకే మీ కవరు మీద అణాలు కనిపించవు.

కొట్లో ఉన్నది దొంగదా కాదా అంటే, ఈ అక్షరాలను తర్వాత కొట్టి అమ్మినవాళ్లు చాలామందే. భూతద్దం పెట్టి చూడండి. అక్షరాల మీదుగా పోస్టు ముద్ర సిరా పోవాలి. ముద్ర కింద ఉండి అక్షరాలు పైన ఉంటే కొనకండి. ముద్రలో మన దేశంలో ఊరి పేరు కనిపించినా అనుమానించాల్సిందే. స్టాంపును నల్ల కాగితం మీద బోర్లా పెడితే కాగితం తయారీలోనే పడిన నక్షత్రం గుర్తు (వాటర్‌మార్కు) కనిపించాలి, కానీ అది కనిపించినంత మాత్రాన సరిపోదు, స్టాంపు అసలుదై పైన అక్షరాలు దొంగవి కావచ్చు. పెద్ద ధర చెప్తే మాత్రం తెలిసినవాళ్లకు చూపించకుండా డబ్బు ఇవ్వకండి.