ముఖం మారిన డాక్టర్

ప్రశ్న: బ్రిటిష్ టీవీ ధారావాహిక 'డాక్టర్ హూ' 2025 సీజన్ చివరి భాగంలో కథానాయకుడు డాక్టర్ రూపం మారి నటి బిల్లీ పైపర్‌గా కనిపించగానే నాకు ఏడుపొచ్చింది. అన్నయ్య అది మోసమంటున్నాడు. ఎవరిది న్యాయం?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నేను మీ పక్షమేనమ్మా. 1966లో తొలి డాక్టర్‌గా నటించిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం సహకరించకపోతే, కథానాయకుడికి కొత్త రూపం ఇచ్చి పాట్రిక్ ట్రౌటన్‌తో కథ నడిపించారు. ఈ ధారావాహిక ప్రాణం ఆ ఉపాయంలోనే ఉంది. అన్నయ్య కోపమూ ఊరికే రాలేదు. 2005లో డాక్టర్ సహచరి రోజ్‌గా అలరించిన నటినే తీసుకొచ్చి, చివర వేసే నటీనటుల పేర్లలో ఆమె పాత్ర ఏమిటో చెప్పకుండా వదిలేశారు. అభిమానిని అలా ఊగిసలాడించడం నాకూ నచ్చలేదు. కానీ పసిపాప పాపీ కోసం నటుడు గాట్వా పోషించిన డాక్టర్ తన శక్తినంతా ధారపోశాడే, ఆ తర్వాత బంగారు వెలుగులోంచి ఆమె నవ్వుతూ పలకరించిందే, అక్కడ నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఆ ఘట్టం అన్నయ్యతో మరోసారి చూడండి.