శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్ బడులు మనకంటే మెరుగా? ట్యూషన్ చాప మీద నుంచి ఒక జవాబు

శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్‌లలో స్కూలు చదువులు మనకంటే మెరుగ్గా ఉంటాయా, ఉంటే ఎవరి పద్ధతి మంచిదని అడిగారు. నేనేం విద్యావేత్తను కాను. మాది గూడూరు. పెళ్లై చెన్నై వచ్చి పంతొమ్మిదేళ్లు. వలసరవాక్కంలో ఇంట్లోనే లెక్కల ట్యూషన్ చెప్తాను. హాల్లో రెండు చాపలు, ఒక వైట్ బోర్డు, అంతే. ఆ చాపల మీద కూర్చున్న పిల్లల వల్ల, వాళ్ల అమ్మానాన్నల వల్ల తెలిసిందే ఎక్కువ.

ఒక చోట చదువు ఎలా ఉందో తెలియాలంటే నేను సిలబస్ అడగను. పిల్లల్ని ఏ క్లాసు నుంచి ట్యూషన్‌కి పంపుతారని అడుగుతాను. పిల్లల్ని ఏరే పరీక్ష, అంటే జల్లెడ, ఎక్కడ పట్టారో దానికి రెండేళ్ల ముందు ట్యూషన్ మొదలవుతుంది. నా ఇల్లు గడిచేదే దాని మీద కాబట్టి ఈ మాట నమ్మొచ్చు.

2022లో శ్రీలంకలో పెట్రోలు, మందులు, అన్నిటికీ కటకట వచ్చింది. కొలంబో వైపు కాగితం లేక స్కూలు పరీక్షలే వాయిదా వేశారు. ఆ ఏడాది జాఫ్నా నుంచి ఒకావిడ చిన్న కొడుకుతో మా కింది వాటాలోకి వచ్చింది. పెద్దమ్మాయి ఏ-లెవెల్ (మన ప్లస్ టూ లాంటిది) పరీక్ష ఉందని అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. పిల్లాడు ఆరో క్లాసు. మొదటి రోజు ‘అర్థమైందా’ అని తమిళంలో అడిగితే ‘ఓం’ అన్నాడు. దేవుణ్ణి తలుచుకుంటున్నాడేమో అనుకున్నాను. వాళ్ల తమిళంలో ‘ఓం’ అంటే ‘అవును’ట.

వాడికి అంకెల వరసలు, బొమ్మల పజిళ్లు ఇస్తే చాలు, పెన్సిల్ ఎత్తకుండా చేసేవాడు. ఇంత వేగం ఎక్కడిదిరా అంటే, వాళ్లమ్మ లోపలికెళ్లి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన మార్కుల కాగితం తెచ్చి చూపించింది. ఐదో క్లాసు స్కాలర్‌షిప్ పరీక్ష, 200కి 158. దానికోసం మూడో క్లాసు నుంచే ట్యూషన్. అక్కడ పదేళ్ల పిల్లలందరికీ దేశం మొత్తం మీద ఒకే పరీక్ష. అందులో జిల్లా కట్-ఆఫ్ దాటితే పేద పిల్లలకి డబ్బు సాయం, మార్కులు ఇంకా బాగుంటే పేరున్న ప్రభుత్వ బడిలో సీటు.

దీన్ని మొదలుపెట్టిన ఉద్దేశం మాత్రం మంచిదే. 1945లో కన్నంగర విద్యామంత్రిగా ఉండగా చిన్న క్లాసుల నుంచి యూనివర్సిటీ దాకా చదువు ఉచితం చేశారు. పల్లెల వైపు సెంట్రల్ స్కూళ్లు పెట్టి, తెలివైన పేద పిల్లల్ని ఐదో క్లాసులోనే ఏరి అక్కడికి పంపాలనుకున్నారు. పల్లె పిల్లలకి నిచ్చెనగా వేసిన ఆ పరీక్షే ఇవాళ తల్లిదండ్రుల మధ్య పందెమైపోయింది. నేను ఆంధ్రాలో ఏడో క్లాసు పబ్లిక్ పరీక్ష రాసినదాన్ని. మా నాన్న దానికోసం కొత్త హీరో పెన్ను కొన్నాడు, ముందురోజు రాత్రి నాకు జ్వరం. పన్నెండేళ్లకే అలా ఉంటే పదేళ్లకి ఎలా ఉంటుందో! బంగ్లాదేశ్ కూడా 2009లో ఐదో క్లాసుకి పబ్లిక్ పరీక్ష పెట్టింది, 2019 తర్వాత మళ్లీ జరపకుండా వదిలేసింది. శ్రీలంక మాత్రం వదల్లేకపోతోంది.

ఒక సరదా సంగతి. ఆ పిల్లాడి అక్క పాత సైన్సు పుస్తకం ఒకటి మా ఇంట్లో ఉండిపోయింది. నాకు తమిళం కూడబలుక్కుని చదవడమే వచ్చు. అయినా అది చెన్నై పుస్తకం కన్నా తేలిగ్గా అర్థమైంది. ఇక్కడ ఫిజిక్స్ అంటే ‘ఇయర్పియల్’, కెమిస్ట్రీ అంటే ‘వేదియియల్’. జాఫ్నా పుస్తకంలో ‘భౌతిక’, ‘రసాయన’ అనే మాటలే చిన్న తేడాతో ఉన్నాయి. సముద్రం అవతలి తమిళం ఒక తెలుగుదానికి దగ్గరవడం చూసి మావారు ఇప్పటికీ నవ్వుతారు. అక్కడ ఎక్కువమంది పిల్లలు సింహళంలోనో తమిళంలోనో ప్లస్ టూ దాకా చదివేస్తారు. 1960, 61ల్లో ఎయిడెడ్ స్కూళ్లలో చాలావాటిని ప్రభుత్వం తీసుకుంది కాబట్టి మనలా వీధికో కాన్వెంట్ లేదు. ఉద్యోగం మీద కొలంబో వెళ్లే మనవాళ్లు పిల్లల్ని వేసే ఇంటర్నేషనల్ స్కూళ్లు కంపెనీలుగా నమోదైనవి. వాటిని చూసి శ్రీలంక చదువు ఇదీ అనుకోకండి.

రెండో జల్లెడ ఏ-లెవెల్. ఇది బాగా ఆలోచించాల్సిన విషయం. మూడే సబ్జెక్టులు, గరిష్ఠంగా మూడుసార్లు రాయొచ్చు. స్కూలు చివరి పరీక్షే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష కూడా. నీట్‌లు, జేఈఈలు లేవు. మార్కుల్ని జడ్-స్కోరుగా, అంటే ఆ సబ్జెక్టు సగటుకి ఎంత పైనో కిందో చెప్పే అంకెగా మారుస్తారు. చాలా కోర్సుల్లో 40 శాతం సీట్లు దేశం మొత్తం మీద మెరిట్‌కి, 55 శాతం జిల్లాల వారీగా, 5 శాతం వెనకబడిన జిల్లాలకి. మన లోకల్, నాన్‌లోకల్ 85:15 గొడవ తెలిసినవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. దాని వెనక ఒక చేదు కథ కూడా ఉంది. 1970ల మొదట్లో ‘స్టాండర్డైజేషన్’ పేరుతో ఒకే సీటుకి తమిళ మీడియం పిల్లలు సింహళ మీడియం పిల్లలకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిందే జిల్లా కోటా. ఆ దేశంలో జాతుల మధ్య మంట రాజుకోవడానికి ఇదీ ఒక కారణం. కింది వాటా ఆవిడ తండ్రి తరం ఆ మార్కుల్ని ఇప్పటికీ తలుచుకుంటుంది. సీట్ల లెక్క తప్పితే అది కౌన్సెలింగ్ హాల్లో ఆగిపోదు.

మనం పోల్చుకోవాలంటే, చెన్నైలో కొన్నాళ్లు ఇలాంటి పద్ధతే నడిచింది. 2006లో తమిళనాడు చట్టం చేసి ఎంట్రన్సులు ఎత్తేసింది. ప్లస్ టూ మార్కులతోనే మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు. అప్పట్లో నా దగ్గరికి పిల్లలు ‘సెంటమ్ (నూటికి నూరు) రావాలి టీచర్’ అని వచ్చేవాళ్లు. స్కూలు పుస్తకం చివరి పేజీ దాకా అరిగిపోయేది. 2017లో నీట్ వచ్చాక, డాక్టరు కావాలనుకున్న పిల్లల చేతుల్లో స్కూలు పుస్తకం పక్కకి పోయి కోచింగ్ మెటీరియల్ వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది నా చాప దిగి కోచింగ్ సెంటర్‌కి వెళ్లిపోయారు. (కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.) ప్రభుత్వ బడి పిల్లలకి మెడికల్ సీట్లలో 7.5 శాతం కోటా 2020లో పెట్టారు, అది కొంత మేలు. ఇంజనీరింగ్‌కి మాత్రం ఇప్పటికీ ప్లస్ టూ కట్-ఆఫే.

నేపాల్ సంగతికొస్తే, మా పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం పశ్చిమ నేపాల్ నుంచి వచ్చింది. వాళ్లబ్బాయిని ఏడో క్లాసులో చేర్చడానికి నేనే తోడు వెళ్లాను. వాడి కాగితంలో పుట్టిన సంవత్సరం 2067 అని ఉంది. ‘ఇంకా పుట్టలేదే వీడు’ అన్నాడు ఆఫీసులో క్లర్కు. అది విక్రమ సంవత్సరం, అంటే మన లెక్కలో 2010-11. అది విప్పి చెప్పి, మళ్లీ అఫిడవిట్ రాయించి, ఆ వారమంతా అదే టెన్షన్. పైగా అక్కడ బడులు వైశాఖంలో, అంటే ఏప్రిల్ మధ్యలో మొదలవుతాయి. శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో జనవరి లెక్క. మనకి జూన్. మధ్యలో వచ్చిన పిల్లలకి సగం ఏడాది గాలికి పోయినట్టే.

అక్కడ జల్లెడ పదో క్లాసు. 1934 నుంచి ఉన్న ఎస్.ఎల్.సి. పరీక్షని ‘ఇనుప తలుపు’ అనేవాళ్లు. వాచ్‌మన్ దాంట్లోనే రెండుసార్లు పోయి ఇక్కడికొచ్చాడు. 2016 చట్ట సవరణ తర్వాత పన్నెండో క్లాసుని స్కూలు చదువు చివరగా చేసి, పదో క్లాసు పరీక్షకి ఎస్.ఇ.ఇ. అని పేరు మార్చారు. ఫెయిల్ అనే మాట తీసేసి గ్రేడ్లు ఇచ్చారు. తర్వాత పిల్లలకి ఏమీ రావట్లేదని గోల పుట్టి, థియరీలో కనీసం 35 శాతం ఉండాలని మళ్లీ పెట్టారు. మన దగ్గరా అంతేగా. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో క్లాసు దాకా ఫెయిల్ చెయ్యొద్దంది, 2019 సవరణ ఐదు, ఎనిమిది క్లాసుల్లో కావాలంటే ఆపొచ్చంది. రెండు దేశాలూ తలుపు తీశాయి, మళ్లీ వేశాయి. ఇంకో పోలిక. ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడిని మనం హాస్టల్ ఉన్నా లేకపోయినా ‘కాన్వెంట్’ అన్నట్టు, వాళ్లు ‘బోర్డింగ్’ అంటారు. కాస్త డబ్బు చేతికొస్తే రెండు చోట్లా మొదటి ఖర్చు అదే.

బంగ్లాదేశ్ గురించి తక్కువే చెప్తాను. మా ఆడపడుచు గ్రీమ్స్ రోడ్డు దగ్గర వైద్యానికి వచ్చేవాళ్లకి గదులు అద్దెకిస్తుంది. అక్కడ పరిచయమైన ఒకావిడ పల్లెటూరి పిల్లగా హైస్కూలు చదివింది. 1994లో మొదలైన ఆడపిల్లల స్టైపెండ్ ఆమెకి వచ్చేది. హాజరు 75 శాతం ఉండాలి, పరీక్షల్లో 45 శాతం మార్కులు రావాలి, పదో క్లాసు పరీక్ష దాకా పెళ్లి చేయకూడదు. ‘ఆ మూడో షరతు వల్లే మా నాన్న రెండు సంబంధాలు వెనక్కి పంపాడు’ అంది హిందీలో, మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని. నేను విన్న పథకాలన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇక ఎవరిది మంచిదంటే, ‘మనది’ అని ఒకటుంటే కదా! 1976లో చదువు కేంద్రం, రాష్ట్రాల ఉమ్మడి జాబితాలోకి పోయినా గూడూరు బడి వేరు, చెన్నై బడి వేరు. 1968 నుంచి ఇక్కడ తమిళం, ఇంగ్లిష్ రెండు భాషలే. 2006 చట్టంతో ఒకటో క్లాసు నుంచి ఏడాదికొక క్లాసు చొప్పున తమిళం తప్పనిసరి చేసుకుంటూ పోయారు. మా తెలుగువాళ్లు కోర్టులకెక్కింది దానిమీదే. మా అమ్మాయి మూడో క్లాసులో తమిళ డిక్టేషన్ అంటే బాత్రూంలో దాక్కునేది. శ్రీలంక పిల్లలకి అమ్మభాషలో చదివే సుఖం ఉంది, పదేళ్లకే పరుగు పందెమూ ఉంది. మన పిల్లలకి పదేళ్లప్పుడు కాస్త ఆడుకునే వీలుంది, పద్దెనిమిదికి నీట్ లాంటి ఎంట్రన్సు రాసే ఒక్క ఆదివారం మధ్యాహ్నం మీద బతుకంతా పెట్టాల్సి వస్తుంది. నా చేతిలో ఉంటే మొదటి ఐదేళ్లు ఇక్కడ, చివరి రెండేళ్లు అక్కడ చదివిస్తాను.

జాఫ్నా పిల్లాడు పోయిన ఏడాది వెనక్కి వెళ్లిపోయాడు. వాచ్‌మన్ కొడుకు ఇప్పుడు ప్రభుత్వ బడిలో పదో క్లాసు. మొన్న క్వార్టర్లీలో తమిళంలో 71 తెచ్చుకున్నాడు. లెక్కల్లో 58. వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, ‘తమిళం మీరు చెప్పలేదు కదా టీచర్’ అని అడిగింది. మామూలుగానే అడిగిందనుకుంటాను.