సొంత మెయిల్ సర్వర్‌లో స్పామ్‌ను గుమ్మం దగ్గరే ఆపడం

పది ఖాతాలున్న సర్వర్‌లో స్పామ్ స్కోరు హద్దు (ఎంత స్కోరు దాటితే ఉత్తరం జంక్‌లోకి పోవాలో చెప్పే అంకె) తగ్గించినా చెత్త ఆగలేదని, పైగా ఖాతాదారుల ఉత్తరాలే జంక్‌లో పడుతున్నాయని అడిగారు. ముందు ఆ హద్దును పాత స్థాయికి తెచ్చేయండి.

విశాఖ పోర్టు దగ్గర మా బాబాయి నడిపే క్లియరింగ్ ఏజెన్సీకి పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్‌ను నేనే చూసుకుంటున్నాను. నేనూ మీలాగే హద్దు బిగించాను. ఒక కంటైనర్ వచ్చిందని చెప్పే అరైవల్ నోటీసు జంక్‌లోకి పోయింది. పంపినవారు అందిందనుకున్నారు, మేము ఇంకా రాలేదనుకున్నాం. కంటైనర్‌ను ఉంచుకోనిచ్చే ఉచిత రోజులు దాటిపోయి డెమరేజ్ (ఆలస్య రుసుము) కట్టాం. అందుకే చెబుతున్నాను: గట్టి అనుమానం ఉన్న ఉత్తరాన్ని లోపలికి తీసుకుని దాచకండి, ఉత్తరం అప్పగించడానికి రెండు సర్వర్లు మాట్లాడుకునే ఎస్‌ఎంటీపీ సంభాషణ నడుస్తుండగానే తిరస్కరించండి. పొరపాటున మంచి ఉత్తరాన్ని ఆపినా, వెళ్లలేదన్న సంగతి పంపినవారికి వాళ్ల సర్వరే చెబుతుంది. ఒకసారి తీసుకున్నాక తిప్పికొట్టడం మాత్రం వద్దు. స్పామ్‌లో పంపినవారి చిరునామా తరచూ దొంగదే, ఆ బౌన్స్ (తిప్పికొట్టిన ఉత్తరం) ఏ పాపం ఎరుగని మరొకరి పెట్టెలో పడుతుంది.

ఏ పేరుకు రాసినా ఒకే పెట్టెలో పడే క్యాచ్-ఆల్ మీకు ఉంటే ఈ రోజే తీసేయండి. మాకు చెత్తలో పెద్ద భాగం దాని వల్లే వచ్చేది. తర్వాత పోస్ట్‌ఫిక్స్‌లోనే ఉండే పోస్ట్‌స్క్రీన్ అనే కాపలా భాగాన్ని పెట్టండి. అది సర్వర్ చెప్పే పలకరింపును 6 సెకన్ల వరకు సాగదీస్తుంది, ఓపిక లేని బాట్లు (స్పామ్ పంపే ప్రోగ్రాములు) ముందే మాట్లాడి దొరికిపోతాయి.

స్పామ్ పంపే ఐపీ చిరునామాలను చెప్పే స్పామ్‌హౌస్ జెన్ జాబితా చాలా మేలు చేస్తుంది కానీ ఇక్కడ జాగ్రత్త. ఈ జాబితాను డీఎన్ఎస్ ప్రశ్నలతో అడుగుతారు. ఆ ప్రశ్నను అందరూ వాడే పబ్లిక్ డీఎన్ఎస్ రిజాల్వర్ (ప్రశ్నలకు జవాబు వెతికి తెచ్చే సర్వర్) ద్వారా అడిగితే జాబితా సమాచారానికి బదులు 127.255.255.254 అనే దోష సంకేతం రావచ్చు. ఏ జవాబు వచ్చినా చిరునామా జాబితాలో ఉన్నట్టే లెక్కగట్టేలా నేను అమర్చుకున్నాను, ఒక ఉదయమంతా అందరి ఉత్తరాలూ వెనక్కి పోయాయి. సర్వర్‌లోనే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ నడపండి, 127.0.0.2 నుంచి 127.0.0.11 వరకు వచ్చే జవాబులనే లెక్కలోకి తీసుకోండి.

కొత్తగా వచ్చిన పంపినవారిని కాసేపాగి మళ్లీ పంపమనే గ్రేలిస్టింగ్ మాకు సరిపడలేదు. ఆ పని చేసే పోస్ట్‌గ్రే, అమరిక మార్చకపోతే, 300 సెకన్లు ఆపుతుంది, ఈలోగా ఓటీపీల గడువు తీరిపోయేది. ఎస్‌పీఎఫ్ (ఒక డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే నమోదు) సరిపోయింది కదా అని ఏ ఉత్తరాన్నీ నమ్మకండి, స్పామర్లూ తమ డొమైన్లకు దాన్ని చక్కగా పెట్టుకుంటారు. స్కోరు లెక్కకట్టే స్పామ్‌అసాసిన్ వాడుతుంటే, 200 స్పామ్, 200 మంచి ఉత్తరాలు నేర్పేదాకా ఉదాహరణల నుంచి నేర్చుకునే దాని బేయస్ విభాగం పనే మొదలుపెట్టదు.

పోస్ట్‌ఫిక్స్‌లో కొత్త తిరస్కరణ నిబంధన ఏది చేర్చినా దాని ముందు వార్న్_ఇఫ్_రిజెక్ట్ (warn_if_reject: తిరస్కరించకుండా లాగ్‌లో హెచ్చరిక మాత్రమే రాయిస్తుంది) పెట్టి ఒక వారం లాగ్ చదవండి. మీ ఖాతాదారుల పేర్లు అందులో కనిపించకపోతేనే అమలు చేయండి.