స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్: సైకాలజీ చదవని టీచరుకు సీటు వస్తుందా?

బీఎస్సీ, బీఈడీ చేసి హైదరాబాద్‌లో హైస్కూలు టీచరుగా పనిచేశాననీ, ఇప్పుడు హెచ్‌-4 (హెచ్‌-1 ఉద్యోగి కుటుంబానికిచ్చే) వీసా మీద కాలిఫోర్నియాలో ఉన్నాననీ రాశారు. సైకాలజీ చదవలేదు, డిగ్రీ మార్కులు అంతంతమాత్రం, అయినా స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్‌కు దరఖాస్తు చేయవచ్చా, దరఖాస్తుతో పాటు ఈ చదువు ఎందుకో చెబుతూ రాసే స్టేట్‌మెంట్‌లో ఏమి రాయాలి అని మీ ప్రశ్న.

తప్పకుండా చేయవచ్చు. నేను గుంటూరులో లెక్కల టీచరుగా చేసి బే ఏరియాకు వచ్చాను. ఇక్కడే ఈ చదువు చదివి, ప్రస్తుతం ఒక మిడిల్ స్కూల్లో కౌన్సెలర్‌గా ఉన్నాను. నాకూ సైకాలజీ డిగ్రీ లేదు. మా బ్యాచ్‌లో టీచర్లున్నారు, సోషల్ వర్కర్లున్నారు, బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చినవారూ ఉన్నారు. బడిలో పిల్లలతో గడిపిన అనుభవం మీకున్నంత చాలామంది అభ్యర్థులకు ఉండదు. దాన్ని కాగితం మీద ఎలా పెట్టాలన్నదే మీ ముందున్న అసలు పని.

యూనివర్సిటీల ర్యాంకులు చూడటం కాసేపు ఆపి, రేపు మీరు ఏ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తారో ముందు తేల్చుకోండి. అమెరికాలో స్కూల్ కౌన్సెలర్‌కు లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే. కాలిఫోర్నియాలో దాని పేరు ప్యూపిల్ పర్సనెల్ సర్వీసెస్ క్రెడెన్షియల్, వాడుకలో పీపీఎస్. రాష్ట్ర కమిషన్ ఆమోదించిన కోర్సు చదివితేనే అది వస్తుంది. కనీసం 48 సెమిస్టర్ యూనిట్లు (క్రెడిట్లు), 100 గంటల ప్రాక్టికమ్ అనే తొలి శిక్షణ, ఆపైన బడిలో పనిచేస్తూ నేర్చుకునే వందల గంటల ఫీల్డ్‌వర్క్ ఉంటాయి. ఆ ఫీల్డ్‌వర్క్ కూడా ఒకే రకం బడిలో చేస్తే సరిపోదు. ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూలు స్థాయుల్లో కనీసం రెండింటిలో చేయాలి.

మీవారి ఉద్యోగం టెక్సస్‌కో న్యూజెర్సీకో మారే అవకాశం ఉంటే మాత్రం కాక్రెప్ గుర్తింపు ఉన్న కోర్సుల వైపు చూడండి. కౌన్సెలింగ్ కోర్సులకు జాతీయ స్థాయిలో గుర్తింపు ఇచ్చే సంస్థ అది. వాటిలో 60 యూనిట్లు చదవాలి కాబట్టి ఖర్చు, కాలం రెండూ పెరుగుతాయి. కానీ చాలా రాష్ట్రాలు ఆ గుర్తింపును గౌరవిస్తాయి కాబట్టి రాష్ట్రం మారినప్పుడు లైసెన్సు పని తేలికవుతుంది. ఇక్కడే స్థిరపడే కుటుంబమైతే శాన్ హోసే స్టేట్, ఈస్ట్ బే వంటి కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్) ప్రభుత్వ యూనివర్సిటీలు మీకు చాలు. మరో మాట, స్కూల్ సైకాలజీ వేరే చదువు. పిల్లలకు పరీక్షలు పెట్టి ప్రత్యేక విద్య అవసరాలను అంచనా వేసేది స్కూల్ సైకాలజిస్టులు. దానికి ఇంటర్న్‌షిప్పే 1,200 గంటలు. రెండూ పీపీఎస్ కిందికే వస్తాయి కాబట్టి ఫారంలో ఏది ఎంచుకుంటున్నారో జాగ్రత్తగా చూసుకోండి.

మార్కుల గురించి మీరు పడుతున్నంత బెంగ అక్కర్లేదు. కాల్ స్టేట్ గ్రాడ్యుయేట్ ప్రవేశాలకు సాధారణంగా చివరి 60 సెమిస్టర్ యూనిట్ల సగటు గ్రేడు (నాలుగు పాయింట్లకు) చూస్తారు. విశ్వవిద్యాలయం కనీసంగా 2.5 అడిగినా కౌన్సెలింగ్ విభాగాలు తరచూ 3.0 కోరతాయి. బీఈడీ మార్కులు బాగుంటే అవి ఇక్కడ అక్కరకు వస్తాయి. మూడేళ్ల బీఎస్సీ విషయం మాత్రం ముందే తేల్చుకోవాలి. కొన్ని యూనివర్సిటీలు దాన్ని అలాగే ఒప్పుకుంటాయి, కొన్ని బీఈడీతో కలిపి చూస్తాయి, కొన్ని ససేమిరా అంటాయి. ఫీజు కట్టకముందే గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్ వారికి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి. వెస్ లాంటి సంస్థతో ట్రాన్‌స్క్రిప్ట్‌ల మదింపు చేయించాల్సి వస్తే మన యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి సీల్డ్ కవరు రావడానికే నెలలు పడుతుంది. ఊళ్లో ఎవరైనా స్వయంగా వెళ్లి అడిగితేనే పని కదులుతుంది.

సైకాలజీ లేని లోటు తీర్చుకోవడానికి చవకైన మార్గం కమ్యూనిటీ కాలేజీ, అంటే స్థానిక ప్రభుత్వ కాలేజీ. కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. ఓలోనీలోనో, డి ఆంజాలోనో ప్రాథమిక సైకాలజీ, స్టాటిస్టిక్స్ చేసి మంచి గ్రేడు తెచ్చుకుంటే రెండు పనులవుతాయి. ముందస్తు కోర్సులు అడిగే చోట షరతు తీరుతుంది. మీరు ఇక్కడి తరగతి గదిలో నెగ్గుకురాగలరని కమిటీకి కూడా తెలుస్తుంది.

ఇక స్టేట్‌మెంట్. ఎంపికలో అన్నిటికన్నా బరువైనది ఇదేనని నా నమ్మకం. చిన్నప్పటి నుంచి ఇతరులకు సాయం చేయడం ఇష్టమని మొదలుపెట్టకండి. అది చదివే ప్రొఫెసర్లు కౌన్సెలర్లుగా పనిచేసి వచ్చినవారు, ఆ వాక్యం వాళ్లకు కంఠతా వచ్చు. మన టీచర్లకు ఇంకో అలవాటుంది. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత, జిల్లా ర్యాంకులు, ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం వరుసగా రాస్తారు. వాటిని రెజ్యూమెలో పెట్టండి. తప్పిన పిల్లవాడితో మీరు ఏం చేశారన్నది స్టేట్‌మెంట్‌లో కనపడాలి.

నేను ఒకే ఒక్క అమ్మాయి గురించి రాశాను. పదో తరగతి. స్లిప్ టెస్టు ఉన్న రోజల్లా కడుపునొప్పి అంటూ ఆఫీసు గది బయట బెంచీ మీద తల వంచుకుని కూర్చునేది. పక్కన టిఫిన్ బాక్సు మూత కూడా తీసేది కాదు. నాటకాలు ఆడుతోందని స్టాఫ్‌రూమ్‌లో అందరూ అనేవారు. భోజనాల వేళ వెళ్లి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. లెక్కల మాట ఎత్తేదాన్ని కాదు. కొన్నాళ్లకు తనే చెప్పింది, నాన్న రోజూ రాత్రి బాబాయికి ఫోను చేసి ఈమె మార్కులూ, బాబాయి కూతురి మార్కులూ పోల్చి మాట్లాడతారట, ఆ ఫోను అయ్యేదాకా ఈమె హాల్లో నిలబడే ఉండాలట. ఆ తండ్రితో మాట్లాడాను. ఆయన చెడ్డవాడు కాదు. చిట్టీలు కట్టి కూతుర్ని చదివిస్తున్న మనిషి. అది ఆయన భయం. ఆ అమ్మాయికి ఆ క్షణంలో తోడుండటం నాకు వచ్చు, కానీ దాని తర్వాత ఏ ప్రశ్న అడగాలో, ఎప్పుడు ఇంకొకరి దగ్గరికి పంపాలో నేర్పే చదువు నాకు లేదు. ఆ చదువు కోసమే వస్తున్నాను అని స్టేట్‌మెంట్ ముగించాను.

మీకూ ఇలాంటి పిల్లలు గుర్తొస్తారు. పేరు, ఊరు మార్చి రాయండి. గోప్యత పాటించడం మీకు తెలుసని అక్కడే అర్థమవుతుంది. తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టి రాయకండి. మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల తెల్లవారుజామున స్టడీ అవర్లు, 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత రాలిపోయిన పిల్లలు, ఇవన్నీ మనల్ని కలచివేసిన విషయాలే. వాటి గురించి రాయవచ్చు, రాయాలి కూడా. కానీ కుటుంబాన్ని అర్థం చేసుకున్న మనిషి రాసినట్టు ఉండాలి. రేపు ఫ్రీమాంట్‌లోనో కూపర్టినోలోనో ఒక తెలుగు తండ్రి మీ ఎదుట కూర్చుని, మా వాడికి ఇంకో ఏపీ క్లాసు (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పాఠం) వేయండి అంటాడు. ఆయనతో ఆయన భాషలో మాట్లాడగలగడం మీ బలం. అది స్టేట్‌మెంట్‌లో ఒక వాక్యమైనా ఉండాలి.

ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో తెలిసి రాయండి. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం ఒక కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులుండాలి. చాలా కాలిఫోర్నియా బడుల్లో అంతకన్నా ఎక్కువే ఉంటారు. అందువల్ల మా రోజులో తరగతుల షెడ్యూళ్లు, హాజరు సమీక్షలు, క్లాసులోకి వెళ్లి చెప్పే పాఠాలు, తల్లిదండ్రుల సమావేశాలు, మధ్యలో ఏడుస్తూ తలుపు తీసే పిల్లలు, అన్నీ ఉంటాయి. ప్రశాంతమైన గదిలో ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడతానని రాస్తే, మీరు బడిలో కౌన్సెలర్‌ను చూడలేదని వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ సంఘం నేషనల్ మోడల్ ఒకసారి చదవండి. చదువు, వృత్తి మార్గం, మానసిక సామాజిక ఎదుగుదల అనే మూడు రంగాల్లో పని ఎలా విభజిస్తారో అర్థమవుతుంది.

సిఫారసు లేఖలు సాధారణంగా రెండో మూడో అడుగుతారు. మన హెడ్మాస్టర్లు ప్రేమగా రాస్తారు కానీ కాండక్ట్ సర్టిఫికెట్‌లా రాస్తారు. నిజాయితీ, కష్టపడే తత్వం, సత్ప్రవర్తన అంటూ నాలుగు లైన్లు. ముందే ఫోను చేసి, ఫలానా పిల్లవాడి విషయంలో మీరు చూసింది రాయండి సార్ అని సంఘటనలు గుర్తు చేయండి. లేఖ అప్‌లోడ్ చేయాల్సిన లింకు వారి ఈమెయిల్‌కు వెళ్తుంది, అది స్పామ్‌లో పడి ఉంటుంది. ఆ లింకు తెరిచేటప్పుడు ఫోనులో తోడుండండి. ఒక లేఖైనా ఇక్కడ మిమ్మల్ని చూసినవారి నుంచి ఉండాలి. కమ్యూనిటీ కాలేజీ ప్రొఫెసర్ కావచ్చు, మీరు వాలంటీరుగా చేసే బడి ప్రిన్సిపల్ కావచ్చు.

ఇంటర్వ్యూకు పిలిస్తే చాలా చోట్ల గుంపుగా కూర్చోబెడతారు. ఒక పరిస్థితి ఇచ్చి చర్చించమంటారు, ఇద్దరినిద్దరిని విద్యార్థి, కౌన్సెలర్‌గా మాట్లాడమంటారు. నాకు వచ్చిన పరిస్థితి ఇది: ఎనిమిదో తరగతి పిల్లవాడు వచ్చి, మీకొకటి చెప్తాను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి అంటాడు. మన టీచరు మనసు వెంటనే సరే నాన్నా అనేస్తుంది. అలా మాటివ్వకూడదు. పిల్లలపై హింస జరుగుతోందన్న అనుమానం కలిగితే చట్టప్రకారం చెప్పి తీరాల్సినవారిలో కాలిఫోర్నియా బడి సిబ్బంది ఉన్నారు. వెంటనే ఫోను, 36 గంటల్లోగా రాతపూర్వక నివేదిక. అందుకే వాడు నోరు విప్పకముందే, నీ మాటలు నా దగ్గరే ఉంటాయి, కానీ నీకు గానీ ఇంకొకరికి గానీ హాని జరుగుతుందనిపిస్తే పెద్దవాళ్ల సాయం తీసుకోవాల్సి ఉంటుంది అని చెప్పాలి. నేను అదే చెప్పాను. ఎదుటి అభ్యర్థి నటిస్తూ, అయితే ఇంకేం చెప్పను అని ముఖం తిప్పుకుంది. నేనేమీ అనలేదు, కుర్చీలో అలాగే ఉన్నాను. ప్రొఫెసర్ కలం ఆగడం కనిపించింది. ఆ మౌనాన్ని సలహాతో పూడ్చాలని మనకు ఎంతగా అనిపిస్తుందో! ఉపాధ్యాయ వృత్తి మనకు నేర్పింది జవాబు చెప్పడం కాబట్టి, ఈ ఒక్క విషయాన్ని ఇంట్లో ఎవరితోనైనా కూర్చుని సాధన చేయండి. గుంపు చర్చలో కూడా అంతే. ఎక్కువ మాట్లాడినవారికన్నా పక్కవారి మాట అందుకుని ముందుకు తీసుకెళ్లినవారిని చూస్తారు.

డబ్బు, వీసా సంగతి. హెచ్‌-4 మీద చదువుకోవచ్చు, ఎఫ్‌-1 విద్యార్థి వీసాకు మారక్కర్లేదు. పైగా ఏడాదికి మించి ఇక్కడ నివాసం ఉన్నట్టు ఆధారాలు చూపగలిగితే హెచ్‌-4 వారికి రాష్ట్ర నివాసుల ఫీజు దక్కే వీలుంది, ఎఫ్‌-1 వారికి ఆ వీలు లేదు. మారే ముందు ఇది ఆలోచించండి. ఫీల్డ్‌వర్క్ చాలావరకు జీతం లేనిదే. ఎవరైనా జీతం ఇస్తామన్నా, పని అనుమతి లేకుండా తీసుకోకూడదు. చదువయ్యాక ఉద్యోగానికి ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు కావాలి. మీవారి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొందితే దానికి దరఖాస్తు చేయవచ్చు. ఎఫ్‌-1 దారిలో చదువయ్యాక పనిచేయనిచ్చే ఓపీటీ ఒక్క ఏడాదే, ఈ చదువు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలోకి రాదు కాబట్టి పొడిగింపు ఉండదు. ఆ తర్వాత స్కూల్ డిస్ట్రిక్టు హెచ్‌-1 ఇస్తుందన్న ఆశ మీద మాత్రం రెండేళ్ల చదువు పెట్టుకోకండి. ఈ లెక్క మీరిద్దరూ కూర్చుని, అవసరమైతే ఇమిగ్రేషన్ లాయరును అడిగి, దరఖాస్తు ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి.

తరగతులు చాలా చోట్ల సాయంత్రాలే ఉంటాయి కానీ ఫీల్డ్‌వర్క్ బడి వేళల్లో చేయాలి. వారానికి 20 గంటలు చేసినా దాదాపు ఒక విద్యా సంవత్సరం పడుతుంది. మీకు చిన్న పిల్లలుంటే ఆ ఏడాది ఎవరు చూసుకుంటారో ముందే మాట్లాడుకోండి.

కాల్ స్టేట్ అప్లై అనే దరఖాస్తు వెబ్‌సైటును అక్టోబరు 1న తెరుస్తారు. కౌన్సెలింగ్ విభాగాల గడువులు ఎక్కువగా డిసెంబరు, ఫిబ్రవరి మధ్య ముగుస్తాయి, విభాగానికో తేదీ. ఈ వారమే మీ దగ్గరి ప్రభుత్వ బడి ఆఫీసుకు వెళ్లి వాలంటీరు ఫారం అడగండి. వేలిముద్రలు, టీబీ పరీక్ష పూర్తయి లోపలికి రానిచ్చేసరికి వారాలు గడుస్తాయి. లోపలికి వెళ్లాక అక్కడి కౌన్సెలర్‌ను అరగంట సమయం అడిగి, ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో చెప్పమనండి. ఆవిడ చెప్పేది రాసుకున్నాకే స్టేట్‌మెంట్ మొదలుపెట్టండి.