మూడింటిలో ఏది నాది? అమ్మకి ఎలా చెప్పను?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. బెంగళూరులో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది మదనపల్లె. నా చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి మారతహళ్లిలో ఉండిపోయాం. నాన్న క్యాబ్ నడుపుతారు. అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, మగ్గం వర్క్ చేస్తుంది. అన్నయ్యది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇన్‌స్టాగ్రామ్‌లో నాకు 6 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. చిన్న చిన్న షాపులవాళ్లు కుర్తీలు పంపిస్తే రీల్స్ చేసి పెడతాను. డబ్బులివ్వరు, కుర్తీ ఉంచుకోమంటారు. ఇందిరానగర్‌లో ఒక బొటిక్‌కి 3 నెలలు ఊరికే పేజీ చూసిపెట్టాను. ఇప్పుడొక పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్) ఏజెన్సీలో నెలకు 8 వేలతో ఇంటర్న్‌షిప్ వచ్చేలా ఉంది. ఫ్యాషన్ కోర్సు చేయాలనీ ఉంది. ఇందులో ఏది నాదో తెలియడం లేదు. ‘ముందు ఒకదాని మీద నిలబడు’ అంటాడు అన్నయ్య. దసరాకి లెహంగాలో చేసిన రీల్‌ని ఎవరో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వరసకు మామయ్య అయ్యే ఒకాయన దానికింద అసహ్యంగా రాశాడు. నాన్న అకౌంటు తీసేయమన్నారు. తీసేశానని చెప్పి, పేరు మార్చి, ఇంట్లోవాళ్లని బ్లాక్ చేసి నడుపుతున్నాను. అమ్మ అయితే ‘నేనిన్నేళ్లు సూది పట్టింది నిన్ను మళ్లీ బట్టల్లోకి దించడానికా’ అని ఏడ్చింది. అప్పటినుంచి ముభావంగా ఉంటోంది. డిగ్రీ మానేసి పూర్తిగా ఇందులోకే దిగనా? ఒక మోడలింగ్ ఏజెన్సీ అని చెప్పుకునేవాళ్లు పోర్ట్‌ఫోలియోకి 15 వేలు కడితే పెద్ద బ్రాండ్లు ఇప్పిస్తామంటున్నారు. రాత్రి రెండింటిదాకా వ్యూస్ చూసుకుంటూ నిద్ర పోవడం లేదు.
– పేరు వద్దు, బెంగళూరు

జవాబు: తల్లీ, నువ్వు చివర్లో రాసిన 15 వేల సంగతి ముందు తేల్చేద్దాం. కట్టొద్దు. నిజంగా పని ఇప్పించే ఏజెన్సీ నీకు వచ్చిన డబ్బులోంచి తన కమీషన్ పట్టుకుంటుంది. పని రాకముందే నీ దగ్గర వసూలు చేసేవాడికి నువ్వు కస్టమర్‌వి, వాడి సంపాదన అంతా నువ్వు కట్టేదాంట్లోనే ఉంది. ఫొటోలు, ఆధార్ కాపీ లాంటివి ఏవీ ఇంక పంపకు. ఇప్పటికే ఎంతో కొంత కట్టి నాకు రాయకుండా దాచి ఉంటే మాత్రం సిగ్గుపడకుండా 1930కి ఫోన్ చెయ్యి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు అవతలివాడి చేతికి చేరకుండా ఆపే వీలు అంత ఎక్కువ ఉంటుంది.

ఇక అమ్మ. నీ ఉత్తరంలో నేను చాలాసేపు ఆగిపోయింది ఆవిడ అన్న మాట దగ్గరే. ఈ రంగం గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు అన్నట్టుంది నీ ధోరణి. మీ ఇంట్లో ఫ్యాషన్ వ్యాపారం అడుగునుంచీ తెలిసిన మనిషి ఆవిడే. ఆది జాకెట్టు తెచ్చిచ్చి, ‘ఇప్పుడు కాస్త ఒళ్లొచ్చింది, మీరే చూసి వదులు పెట్టండి’ అని కొలత కూడా ఇవ్వకుండా వెళ్లిపోయే కస్టమర్‌ని ఆవిడ ఎరుగును. పెళ్లి రేపనగా తెచ్చి, రాత్రంతా కుట్టించుకుని, పొద్దున చెయ్యి అరంగుళం పొడవైందని చెప్పి 50 రూపాయలు తగ్గించి ఇచ్చే మనిషినీ ఎరుగును. మగ్గం వర్క్ అంటే మెడ వంచి గంటల తరబడి ఫ్రేము మీద కూర్చోవడం. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో ఆ పని చేసేవాళ్లు ఉన్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ తెలియకుండానే మెడ వెనక చెయ్యి పెట్టి నొక్కుకుంటూ ఉంటారు. అదే పనితనానికి పెద్ద రోడ్డు మీద అద్దాల బొటిక్‌లో ఎన్ని రెట్లు తీసుకుంటారో కూడా వాళ్లకి తెలుసు, ఎందుకంటే చాలాసార్లు ఆ బొటిక్ ఆర్డర్లు లోపలినుంచి కుట్టి పంపేది వాళ్లే.

అమ్మ వద్దంటున్నది బట్టల్ని అని నాకనిపించడం లేదు. చేసిన పనికి ధర లేని చోటు ఎలా ఉంటుందో ఆవిడ చూసింది, నువ్వు అక్కడ కూర్చోకూడదనుకుంటోంది. ఇప్పుడు నువ్వు రాసిందే ఇంకోసారి చదువుకో. బొటిక్‌కి 3 నెలలు ఊరికే. షాపులకు రీల్ చేస్తే ఒక కుర్తీ. అమ్మ దేనికి భయపడిందో అది అప్పుడే మొదలైపోయింది తల్లీ. ఫోన్‌లో జరుగుతోంది కాబట్టి నీకు వేరే పనిలా కనిపిస్తోంది, అంతే. ఈ మాట నిన్ను నొప్పించడానికి అనడం లేదు. నీలాంటి పిల్లల చేత ఇష్టం పేరుతో ఉచితంగా పని చేయించుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

నువ్వు మూడు రంగాలనీ ఒక్క గాటన కట్టి చూస్తున్నావు. మూడూ బయటినుంచి ఫోన్ తెర మీద ఒకేలా మెరుస్తాయి, లోపల పని మాత్రం దేనిది దానిదే.

సోషల్ మీడియా ఉద్యోగం అంటే నీ ముఖం కనిపించే పని కాదు, అవతలివాళ్ల పేజీ నడపడం. నెలకు సరిపడా ఏ రోజు ఏం పెట్టాలో ముందే పట్టిక వేసుకోవాలి. రాత్రి పదకొండింటికి ‘ఆర్డర్ రాలేదు’ అని తిడుతూ వచ్చిన కామెంటుకు మర్యాదగా జవాబివ్వాలి. నెలాఖరుకి ఎంతమందికి చేరింది, ఎంతమంది కొన్నారు అని లెక్క చూపించాలి. బొటిక్‌లో 3 నెలలు చేశావు కదా, ఆ లెక్కల భాగం నీకు నచ్చిందా, విసుగనిపించిందా? నీ జవాబు అందులోనే ఉంది. బీకాం చదివే పిల్లకి ఆ లెక్కలు భయం పుట్టించవు, ఇది చిన్న సంగతి కాదు.

పీఆర్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, మన ఇళ్లలో దాని గురించి తెలిసింది తక్కువ. ప్రకటన అంటే డబ్బిచ్చి చోటు కొనుక్కోవడం. పీఆర్‌లో చోటు కొనరు, ఇది వార్త అని విలేకరిని ఒప్పించాలి. 1906లో అమెరికాలో ఒక రైలు ప్రమాదం జరిగింది. ఆ రైల్వే కంపెనీకి పనిచేస్తున్న ఐవీ లీ అనే ఆయన, జరిగింది దాచకుండా తానే రాసి పత్రికలకు ఇచ్చాడు. తొలి ప్రెస్ నోట్ అని చాలామంది దాన్నే చెబుతారు. ఇప్పటికీ ఆ పని తీరు పెద్దగా మారలేదు. ప్రెస్ నోట్ రాయాలి, ఫోన్లు చేయాలి, ఎత్తనివాళ్లకి మళ్లీ చేయాలి, పొద్దున్నే పేపర్లన్నీ తిరగేసి ఎక్కడ వచ్చిందో క్లయింటుకి పంపాలి. సంస్థకి చెడ్డపేరు వచ్చిన రోజున అసలు పరీక్ష. నీకు తెలుగు, కన్నడం, ఇంగ్లిష్ వచ్చని అనుకుంటున్నాను, మారతహళ్లిలో పెరిగిన పిల్లవి. బెంగళూరు కంపెనీ ఏదైనా విజయవాడలోనో తిరుపతిలోనో షోరూమ్ తెరిచినప్పుడు తెలుగు పేపర్లకు పంపే నోట్ చూశావా? ఇంగ్లిష్‌ని పదానికి పదం తిప్పినట్టు ఉంటుంది, చదవలేం. శుభ్రమైన తెలుగులో ఒక పేజీ రాయగల మనిషి అక్కడ అవసరం. 8 వేలు తక్కువే, కానీ నీ పనికి ఎవరో లెక్కగట్టి ఇస్తున్న మొదటి డబ్బు. మూడింటిలో ముందు దీన్నే చేసి చూడమంటాను. వేసవి సెలవుల్లో, రెండు నెలలు.

ఫ్యాషన్ అంటే డిజైనింగ్ ఒక్కటే అనుకోకు. ఏ రంగు ఎంత సరుకు తెప్పించాలో చూసే మర్చండైజింగ్ ఉంది, క్వాలిటీ చెకింగ్ ఉంది, కేటలాగ్ షూట్ నడిపించడం ఉంది. ఈ విషయంలో నువ్వుండే ఊరు నీ అదృష్టం. ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే మింత్రా 2007లో ఇక్కడే పుట్టింది. బొమ్మనహళ్లి, పీణ్య వైపు ఉదయం పూట గార్మెంట్ ఫ్యాక్టరీలకు గుంపులుగా వెళ్లే ఆడవాళ్లని నువ్వూ చూసే ఉంటావు. హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) క్యాంపస్ ఉంది. అక్కడ ఫ్యాషన్ మేనేజ్‌మెంట్‌లో రెండేళ్ల పీజీ ఉంది, దానికి ఏ డిగ్రీ చేసినవాళ్లయినా ఎంట్రన్స్ రాయొచ్చు. డిగ్రీ మానేస్తే ఆ తలుపు నీ చేత్తో నువ్వే మూసుకున్నట్టు. అందుకని ఆ ప్రశ్నకి నా జవాబు ఒక్కటే, బీకాం పూర్తి చెయ్యి. ఒక్క ఏడాది పై చిల్లర మిగిలింది. అన్నయ్య చెప్పినట్టు ఒకదాని మీద నిలబడటం మంచిదే గానీ, 19 ఏళ్లకే నిలబడి తీరాలని లేదు. ఒక్కోటీ చేసి చూసి వదిలెయ్యడం నిలకడలేనితనం కాదని అన్నయ్యకి చెప్పు.

కుర్తీల విషయంలో ఒక మాట. ఊరికే వచ్చిన కుర్తీని కొనుక్కున్నట్టు చూపిస్తూ రీల్ పెడుతున్నావా? అలా చేయకు. డబ్బుగానీ వస్తువుగానీ తీసుకుని చెబితే అది ప్రకటన అని కనబడేట్టు రాయాలి. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకి ఈ నియమం పెట్టింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇదే విషయం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 6 వేల మంది ఉన్న పేజీ మీదికి ఎవరొస్తారులే అనుకోకు. జరిమానా సంగతి పక్కన పెట్టినా, నీ మాట నమ్మి కొనేది నీలాంటి అమ్మాయే, ఆమె పాకెట్ మనీ అది. బట్ట ఉతికాక రంగు పోయిందంటే రీల్‌లో అదీ చెప్పాలి. చెప్పనివ్వని షాపు కుర్తీ తిరిగి పంపేయ్.

ఆ మామయ్య రాసింది తప్పు. అందులో నీ తప్పు వీసమంత లేదు. గ్రూపులో అందరి ముందు ఆయన్ని నిలదీయలేక నాన్న నిన్ను అకౌంటు తీసేయమన్నారు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది, అన్నవాడిని వదిలేసి పిల్లని కట్టేస్తారు. నాన్నతో ఈ మాట నెమ్మదిగా అనొచ్చు: ‘నాన్నా, ఆయన అలా రాసినప్పుడు మీరు నా వైపు మాట్లాడి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది’ అని. కోపంగా అనకు. రోజంతా సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో బండి నడిపి వచ్చిన మనిషి అన్నం తిన్నాక అడుగు, వస్తూనే అడగకు.

కానీ తీసేశానని చెప్పి నడపడం నీ తప్పు. బంధువుల గ్రూపులో ఒకసారి బయటపడ్డట్టే ఇదీ ఏదో ఒకరోజు బయటపడుతుంది. అప్పుడు రీల్ గురించి కాదు, అబద్ధం గురించి మాట్లాడతారు. నీ దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ముందు అమ్మకే చెప్పు.

ఎలా చెప్పాలంటావా? ఆదివారం మధ్యాహ్నం అమ్మ హుక్కులు కుడుతూ కూర్చుంటుందనుకో, పక్కన కూర్చుని సగం నువ్వు తీసుకో. చేతులు పనిలో ఉంటే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు, మాట తేలిగ్గా వస్తుంది. ఒక లైనింగ్ బ్లౌజుకి ఎన్ని గంటలు పడుతుంది, దారం, లైనింగ్, కరెంటు పోగా ఏం మిగులుతుంది అని అడుగు. అమ్మ కొలతల పుస్తకంలోనే ఒక ఖాళీ పేజీలో రాయి. పక్కనే నీ బొటిక్ 3 నెలల గంటలు రాయి, వచ్చింది సున్నా అని రాయి. ఆ పేజీ ఆవిడకి చూపించి, ‘నువ్వు దేనికి ఏడ్చావో ఇప్పుడు తెలిసిందమ్మా, ఇకమీదట డబ్బు మాట్లాడుకోకుండా చెయ్యను’ అని చెప్పు. ఆ తర్వాత అకౌంటు సంగతి చెప్పు, ఫోన్ తీసి అమ్మ చేతికివ్వు, నువ్వు పెట్టినవన్నీ చూడనీ. తిట్టొచ్చు. తిట్టనీ. బహుశా లెహంగా చూసి కుట్టు ఎక్కడ సరిగ్గా పడలేదో కూడా చెబుతుంది, వినిపించుకో.

రాత్రిపూట ఫోన్ అమ్మ మిషను మీద పెట్టి పడుకో. పదకొండింటికి పోస్టు పెట్టి వ్యూస్ కోసం మేలుకోవద్దు, సాయంత్రమే పెట్టేయ్. రెండు మూడు వారాలు ఇలా చేసినా నిద్ర పట్టక, పొద్దున లేస్తూనే గుండె దడగా ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

పీఆర్ ఏజెన్సీకి ఈ వారమే మెయిల్ పెట్టు. నీ సెమిస్టర్ పరీక్షలు ఏ తేదీకి అయిపోతాయో రాసి, ఆ మర్నాటినుంచి వస్తానని అడుగు. నెలకు 8 వేలు, రోజుకి ఎన్ని గంటలు, శనివారం ఉందా లేదా, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారా అన్నవి వాళ్ల జవాబులో రాతపూర్వకంగా తెప్పించుకో. ఆ మెయిల్ వచ్చాక ముందు అమ్మకి చదివి వినిపించు.