గల్ఫ్ ఎండలకు ఉత్త నీళ్ళు చాలవు

విశాఖ నుంచి కువైట్‌కు వచ్చి రెండు నెలలైందని, రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు తాగుతున్నా రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి నిద్ర ఉండడం లేదని, ఇంకా ఎక్కువ తాగాలా అని ఒక తమ్ముడు అడిగాడు. తొలి వేసవిలో నేనూ ఈ పొరపాటే చేశాను కనుక వివరంగా రాస్తున్నాను.

మన విశాఖలో గాలి నిండా సముద్రపు తేమ ఉంటుంది కాబట్టి చెమట ఆరదు, చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టిందో లేదో తెలియకముందే ఆరిపోతుంది. పని దిగాక నల్ల చొక్కా విప్పి వీపు వైపు చూసుకోండి, తెల్లటి చారలు కనిపిస్తాయి. అది మీ ఒంట్లోంచి పోయిన ఉప్పు. చెమటతో ముఖ్యంగా పోయేది సోడియం, కొద్దిగా పొటాషియం. కండరం బిగుసుకుని మళ్ళీ వదులు కావడానికి ఇవి రెండూ, వీటితో పాటు కాల్షియం, మెగ్నీషియం కావాలి. పోయిన ఉప్పు భర్తీ కాకుండా ఉత్త నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం మొదలవుతాయి. ముదిరితే ఫిట్స్ కూడా రావచ్చు.

ఇంటి దగ్గర తరవాణి, ఉల్లిపాయ నంజుకుని తినే చద్దన్నం, మధ్యాహ్నం మజ్జిగ, బీచ్ రోడ్డులో కొబ్బరి బొండం ఈ లోటును మనకు తెలియకుండానే తీర్చేవి. ఇక్కడ అవన్నీ మానేసి టీ, బ్రెడ్, కూల్‌డ్రింకులతో గడిపేస్తున్నాం. అసలు తప్పు అక్కడే ఉందని నా నమ్మకం. ప్రతి బకాలాలోనూ (ఇక్కడి కిరాణా కొట్టు) దొరికే లబన్ మన మజ్జిగ లాంటిదే, కాస్త చిక్కన. దానిలో రెట్టింపు నీళ్ళు పోసి, దంచిన అల్లం, నలిపిన కరివేపాకు వేసి, రుచి చూసి చిటికెడు ఉప్పు కలిపి సీసాలో పనికి పట్టుకెళ్ళండి. పొటాషియానికి పప్పు, ఆకుకూర, అరటిపండు, ఇక్కడ చవకగా దొరికే ఖర్జూరం ఉన్నాయి. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువే గానీ సోడియం తక్కువ కాబట్టి, బాగా చెమటోడ్చినప్పుడు వాటినొక్కటే నమ్ముకోకూడదు.

విరేచనాలైతే మాత్రం ఓఆర్‌ఎస్ పొడే కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. చిన్నపేగులో గ్లూకోజ్ సోడియాన్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్తుంది, ఆ వెనకే నీరు వెళ్తుంది.

ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవారికి అదనపు ఉప్పు అక్కర్లేదు. రోజుకు 5 గ్రాముల లోపు అని ఆ సంస్థే చెబుతోంది, మన ఆవకాయ, అప్పడాలతోనే అది దాటిపోతుంది. బీపీ మందులు వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, ముఖ్యంగా కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి వచ్చినవారు, డాక్టరును అడగకుండా సోడియం తగ్గించిన ఉప్పు కొనకండి. అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్, కిడ్నీలు బలహీనంగా ఉంటే అది రక్తంలో పేరుకుని గుండె లయను దెబ్బతీస్తుంది.

తమ్ముడూ, రెండు వారాలు ఇలా తిని చూసినా పిక్కలు పడుతూనే ఉంటే రక్తపరీక్ష చేయించుకో. ఎండలో పనిచేస్తుండగా నీకైనా, పక్కవాడికైనా మాట తడబడితే నీళ్ళు పట్టిస్తూ కూర్చోకుండా, నీడకు చేర్చి ఒళ్ళు తడుపుతూ వెంటనే 112కు ఫోన్ చెయ్యాలి.